ఆల్బంలో ఖాళీ జాగా

మా అత్తయ్యగారు విశాఖపట్నం వెళ్లిపోయే రోజు పొద్దున్నే నేను కెమెరా మెడలో వేసుకుని ఇంట్లోంచి పారిపోయాను. మర్యాదగా చెప్పుకోవాలంటే ఊళ్లో నడుస్తూ ఫోటోలు తీసే ఫోటో వాక్‌కి వెళ్లాను అనొచ్చు. జరిగింది మాత్రం పారిపోవడమే. సాయంత్రం ఐదింటికి నాంపల్లి నుంచి ఆవిడ రైలు. ఆలోగా చీరలు మడతపెట్టడం, మందులు సర్దడం, పచ్చడి సీసాల మూతలకి గుడ్డలు కట్టడం, అదంతా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

ఆవిడ వెళ్తున్నారు అనడం కూడా అబద్ధమే. నేను పంపించేస్తున్నాను. ఆఫీసు నుంచి రిటైరైన వారానికే మా ఆయనతో తేల్చి చెప్పేశాను. "ముప్పై ఏళ్లు నేను చూశాను. ఇక మీ తమ్ముడి వంతు." ఆయన పేపరు మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. ఆయన జవాబులన్నీ అలాగే ఉంటాయి. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. "సరేలే, అదీ న్యాయమే" అని లోపలికి వెళ్లి పప్పులో తాలింపు వేసుకున్నారు.

అసలు సంగతి వంతులు కాదు. అసలు సంగతి ఒక ఫోటో.

మా పెళ్లి నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. అప్పటికి మా నాన్న పోయి నాలుగేళ్లు. కన్యాదానం మా పిన్నీ బాబాయీ చేశారు. అమ్మ పెళ్లి జరుగుతున్నంతసేపూ వంటల దగ్గరా, స్తంభాల చాటునా తిరిగింది. తలంబ్రాలయ్యాక నేను మొండికేశాను. అమ్మ వచ్చి నా పక్కన నిలబడి ఫోటో దిగితే తప్ప లేచేది లేదన్నాను. పెళ్లికూతురు ఇంత గట్టిగా అరవొచ్చా అని ఎవరో ముసలావిడ నొచ్చుకుంది కూడా. చివరికి అమ్మని లాక్కొచ్చారు. లేత బూడిదరంగు చీర కట్టుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంగువ వాసన. ఫ్లాష్ తళుక్కుమంది. నా కళ్ల ముందు పచ్చటి చుక్కలు తేలాయి. ఆ చుక్కల మధ్యలోంచి అమ్మ మళ్లీ వంటల వైపు వెళ్లిపోవడం చూశాను. ఏడు నెలలు తిరక్కుండా అమ్మ పోయింది.

అమ్మవి వేరే ఫోటోలు ఇంట్లో ఉన్నాయి. నేను పెద్దయ్యాక ఇద్దరం కలిసి దిగింది అదొక్కటే. పెళ్లయిన ఆరో నెలలో ఆల్బం నా చేతికొచ్చేసరికి అది రెండు రోజులుగా అత్తయ్యగారి దగ్గరుంది. పేజీకి రెండు ఫోటోలు. ఒక్క పేజీలో మాత్రం పైన పిన్నీ బాబాయిలతో మేమిద్దరం, కింద ఖాళీ. అమ్మ ఉండాల్సింది సరిగ్గా అక్కడే. నాకు క్షణంలో అర్థమైపోయింది. భర్త పోయిన మనిషి బొమ్మ కొత్త కోడలి ఆల్బంలో ఎందుకని అత్తయ్యగారు దాన్ని పీకి పారేశారు. నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగి తెలుసుకునేదేముంది?

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆవిడకి వేళకి అన్నం పెట్టాను, మోకాళ్లకి నూనె రాశాను, దవాఖానకి తిప్పాను. ఎవరూ వేలెత్తి చూపలేరు. మనసు మాత్రం ఇవ్వలేదు. ఫోన్లలో కెమెరాలొచ్చాక ఫోటోల పిచ్చి నాకంటుకుంది. పుట్టినరోజైనా వ్రతమైనా తీసేది నేనే. "అత్తయ్యగారూ, కొంచెం పక్కకి జరగండి, వెలుగుకి అడ్డం" అనేదాన్ని. ఆవిడ జరిగేవారు. మా ఇంట్లో వేల ఫోటోలున్నాయి. ఆవిడ ఒక్కదాన్లోనూ నిండుగా లేరు. ఒకదాన్లో మోచెయ్యి, ఒకదాన్లో కొంగు చివర. మీరు మా అమ్మని తీసేశారు, నేను మిమ్మల్ని తీసేస్తున్నాను అని లోపల లోపల అనుకునేదాన్ని. అలా అనుకున్నప్పుడల్లా కాస్త హాయిగా ఉండేదని ఒప్పుకోవాలి.

ఇక వాక్ సంగతి. రిటైరైనందుకు మా అమ్మాయి కానుకగా బుక్ చేసింది. గుంపు ఉండదు, నేనొక్కదాన్నే, గైడు ఒక్కడే, మూడు గంటలు, అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా. ఏ ఆదివారమైనా వెళ్లొచ్చమ్మా అంది. నేను ఏరి కోరి ఆ ఆదివారమే పెట్టుకున్నాను.

ఆటో దిగేసరికి అబిడ్స్ అంతా మంచు. పెద్ద పోస్టాఫీసు సగం వరకే ఉంది, పైన ఏమీ లేదు. సర్కిల్లో నెహ్రూగారి విగ్రహం తెల్లదనంలో తేలుతోంది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. రోజూ హారన్లతో చెవులు చిల్లులు పడే చోట, ఎక్కడో ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను పుట్టి పెరిగింది కాచిగూడలో. నాన్న గుంటూరు వైపు నుంచి యాభై ఆరులో సర్కారు ఉద్యోగానికి ఈ ఊరొచ్చారు. బూట్లు కొనాలన్నా, సినిమాకైనా, నా చెయ్యి పట్టుకుని ఇక్కడికే తీసుకొచ్చేవారు. ఆ పొద్దున మంచులో నిలబడితే ఇది ఏ ఏడాదో నాకు తెలియలేదు. ఏ సందులోంచైనా ఆయన వచ్చేస్తారేమోననిపించింది.

వచ్చింది గైడు. అరవై దాటిన మనిషి, మఫ్లర్, చేతుల్లేని స్వెటర్. చేతిలో కెమెరా కూడా లేదు.

"నమస్తే అమ్మా. కెమెరా బ్యాగుల వెట్టుకోన్రి."

"అదేంటండీ! ఫోటోలు తియ్యడానికే కదా వచ్చింది?"

"ఔ. మొదటి గంట మాత్రం ఉత్తగనే చూద్దాం. కండ్లు గిట్ల జల్ది తెరుసుకోవు. జర నడిస్తె తెరుసుకుంటయి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మంచు కరిగిపోతే ఈ వెలుగు మళ్లీ దొరుకుతుందా అని గట్టిగానే అన్నాను. ఆయన నవ్వి ముందుకి నడిచాడు. నేను బ్యాగు జిప్ లాగి వెనకాలే నడిచాను. ఏం చేస్తాం.

నడుస్తూ తన గురించి చెప్పాడు. జనగామ దగ్గర పల్లె. వ్యవసాయం కలిసి రాక ఈ ఊరొచ్చి, ఇక్కడే ఒక స్టూడియోలో చేరి ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి ఫోటోలు తీశాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. "మా కోడలు నా పేరు ఇంటర్నెట్ల వెట్టింది. మామా, నీకు ఈ గల్లీలన్ని తెలుసు గదా, జనాలకు చూపెట్టు అన్నది. మంచిది మా కోడలు" అన్నాడు. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

ఆ గంట నేను జీవితంలో మర్చిపోలేను. ఆదివారం కదా, మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు పట్టాలు పరుస్తున్నారు. మూటల్లోంచి పుస్తకాలు ఒక్కొక్కటే బయటికొచ్చి వరసగా పడుకుంటున్నాయి. ఒకతను ప్రతి పుస్తకాన్నీ మోకాలి మీద తుడిచి, ఎవరికీ అక్కర్లేని ఇంజనీరింగు పుస్తకాన్ని కూడా, సుతారంగా పెడుతున్నాడు. పాత మేడల కిటికీల కింద పావురాలు ముడుచుకుని కూర్చున్నాయి. చిరాగలీ లేన్ మొగలో ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. పాల ఆవిరి బయట మంచులో కలిసిపోయింది. ఏది ఆవిరో ఏది మంచో చెప్పడానికి లేదు. అత్తయ్యగారు ఈపాటికి లేచి పెట్టె ముందు కూర్చుని ఉంటారని గుర్తొచ్చింది. గుర్తు రాగానే ఇంకో ఉస్మానియా బిస్కెట్ తీసుకున్నాను.

చాయ్ అయ్యాక కెమెరా బయటికి తియ్యనిచ్చాడు. ఇంకో నియమం కూడా పెట్టాడు. ఎవర్ని తీసినా, ముందు అడగాలి, తీశాక వాళ్లకి తెర మీద చూపించి మరీ కదలాలి. ఇడ్లీ బండతన్ని తీస్తే చూపించాలి. గులాబీ దండలు కట్టే ఆవిణ్ని తీస్తే చూపించాలి. ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుని, పెట్టుకుని, చూసి, "నా ముక్కు గింత పెద్దగున్నదా?" అని పడీ పడీ నవ్వింది. ఈలోగా మంచి వెలుగు కాస్తా గోడ దిగిపోయింది.

"ప్రతివాళ్లకీ చూపించాలా?" అని విసుక్కున్నాను.

"చూపెట్టాలెనమ్మా. గది నా మొక్కు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

అలా నడుస్తూ నాంపల్లి చేరాం. దర్గా వైపు నుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. మంచు పల్చబడి, ఎండ పాలల్లో పసుపు వేసినట్టుగా మారింది. ఒక మలుపు తిరగ్గానే నా కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా మా పెళ్లి జరిగిన ఫంక్షన్ హాలు. రంగులు మారాయి గానీ గేటు అదే, మెట్లూ అవే. ముందు రోజు ఏదో పెళ్లి అయినట్టుంది. పనివాళ్లు పందిరి గుడ్డలు ఊడదీస్తున్నారు. మెట్ల మీద బంతిపూలు పోగుపడి ఉన్నాయి. లోపల ఎక్కడో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు. ఇంకొంచెంసేపు నిలబడితే నాదస్వరం కూడా వినిపిస్తుందేమో అనిపించింది.

"నా పెళ్లి ఇక్కడే అయింది" అన్నాను.

"అరె! గీడ నేను ఎన్ని పెండ్లిండ్లు తీసిన్నో. మీది గూడ నేనే తీసిన్నేమో!"

"మీరు కాదు. అతను పొడుగ్గా, గడ్డంతో ఉండేవాడు." 

ఆయన మెట్ల మీద పూలు పక్కకి నెట్టి కూర్చున్నాడు. పాత రోజులు గుర్తొచ్చి హుషారొచ్చినట్టుంది. రీళ్ల కాలం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. 

"రీలుకు ముప్పై ఆరు ఫోటోలు, అంతే. పెండ్లోల్లు నాలుగు రీళ్లు, అయిదు రీళ్లు అని ముందుగాల్నే చెప్తుండిరి. సుట్టాలు ఆగుతరా? మా మేనత్తతోని ఒకటి, మా బావతోని ఒకటి. వద్దంటె కోపానికొస్తరు, కొట్లాటైతది. గందుకని మేమేం చేస్తుంటిమి, ఫ్లాష్ ఎనుకాల చిన్న బటన్ ఉంటది. గది ఒత్తితె లైటు కొడ్తది. ఫోటో మాత్రం పడది. గిట్ల కెమెరా ముఖానికి వెట్టుకుని, నవ్వున్రి అని, తళుక్! వాళ్లు ఖుష్. రీలు భద్రం. ఉత్త ఫ్లాష్ అంటుంటిమి."

నవ్వుతున్నాడు. నేనూ నవ్వబోయాను. నవ్వు మధ్యలోనే ఆగింది.

"ఎవరికి కొట్టేవాళ్లు ఉత్త ఫ్లాష్?"

"గదేనమ్మా, ఎనుక నిలవడెటోళ్లకు. పెద్దోళ్లు గాదు, పైసలిచ్చెటోళ్లు గాదు. రేపు ఆల్బం జూసి, వీళ్ల ఫోటో ఏదీ అని ఎవ్వలు అడగరు అనిపిచ్చెటోళ్లకు."

చేతిలో కెమెరా బరువెక్కింది. బూడిదరంగు చీరలో, బొట్టు లేకుండా, స్తంభాల చాటు నుంచి లాక్కొచ్చిన మనిషి. అలాంటి మనిషి ఫోటో ఏదని రేపు ఎవరడుగుతారు? 

"సిగ్గుండాలి మీకు!" అన్నాను. అరిచాననే చెప్పాలి. గుడ్డలు ఊడదీస్తున్నవాళ్లు ఆగి చూశారు. "మా అమ్మండీ! ఆ ఒక్క ఫోటో కోసం నేను పెళ్లిలో అందరి ముందూ అరిచి గోల చేశాను. ఎవరూ అడగరా? ముప్పై ఏళ్లుగా ఆ ఫోటో కోసమే ఏడుస్తున్నాను, తెలుసా మీకు?"

ఆయన లేచి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు. నేను ఆ మెట్ల మీదే కూలబడి, అమ్మ గురించి, ఆల్బంలో ఖాళీ గురించి, అత్తయ్యగారి గురించి అంతా చెప్పేశాను. దారినపోయే మనిషికి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఈ సాయంత్రం వెళ్లిపోతున్నారని కూడా చెప్పాను.

"తప్పేనమ్మా" అన్నాడు. "అప్పుడు తెల్వలే. మా అమ్మ సచ్చిపోయినంక ఫోటోకు దండ వేద్దామంటె ఒక్కటి లేదు. ఊళ్లోల్లందరి ఫోటోలు తీసిన్న, మా అమ్మది తియ్యలే. గప్పుడు సమజైంది. గందుకే ఇప్పుడు ఎవ్వల్ని తీసినా చూపెట్టి కదుల్త."

తర్వాత అడిగాడు. "నెగెటివులు ఉన్నయా మీ తాన?"

ఉన్నాయి. ఆల్బం వెనక అట్టకి అంటించిన ఒక కవర్లో. అవి మా ఇంటికి ఎలా వచ్చాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. తెరిచి చూసింది కూడా లేదు.

"ఎల్తురుకు వెట్టి చూడున్రి. అంచుకు నంబర్లుంటయి. దానికి ముందు ఫోటో, ఎనుక ఫోటో పక్కపక్కనే ఉంటె, నడుమల తెగకుంటె, గది పడనే లేదన్నట్టు. మీ అత్తమ్మ తీసేసుడు గాదు, తీసేసెతందుకు అసలు ఫోటోనే లేదు."

ఇంకా గంట వాక్ మిగిలి ఉంది. ఆయనే ఆటో ఆపాడు. నేను ఖైరతాబాద్‌లో మా ఇంటిదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాను. రెప్పల వెనక ఆ పచ్చటి చుక్కలు మళ్లీ తేలాయి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఇంకా ఆరలేదు.

ఇంట్లో హాల్లో రెండు పెట్టెలు మూసి ఉన్నాయి. అత్తయ్యగారు ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. "తిన్నావా అమ్మాయ్?" అన్నారు. తిన్నానన్నాను. బీరువా పైనుంచి ఆల్బం దింపి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, కవరు చింపాను. ఎర్రటి ముక్కలు జారి పడ్డాయి. ఒక్కొక్కటే కిటికీకి పెట్టి చూశాను. నెగెటివ్‌లో నేను తెల్లజుట్టుతో, నల్లటి ముఖంతో ఉన్నాను. అచ్చం ఇప్పటి మనిషి పెళ్లిపీటల మీద కూర్చున్నట్టుంది. పదిహేడో నంబరులో పిన్నీ బాబాయిలు. పద్దెనిమిదిలో భోజనాల పంక్తి. రెండూ ఒకే ముక్క మీద, వేలి వెడల్పు సందు కూడా లేకుండా. మూడుసార్లు చూశాను. మిగతా ముక్కలన్నీ కూడా చూశాను. అమ్మ ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు.

ఆ ముక్క పట్టుకుని మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయట ఆవిడ దువ్వెనతో జుట్టు దువ్వుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్లి కాళ్ల మీద పడాలా? ఏమని చెప్పి పడాలి? మధ్యాహ్నం వడ్డించాను. ఆవిడ తిన్నారు. రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి మజ్జిగ కావాలా అన్నాను, ఇంకోసారి ఉప్పు సరిపోయిందా అన్నాను. 

నాంపల్లి స్టేషన్లో పట్టాలు వచ్చి ఆగిపోతాయి. ఆ తర్వాత దారి లేదు. గంట ముందే వెళ్లాం. బండి ఇంకా పెట్టలేదు. మా ఆయన నీళ్ల సీసాలకని వెళ్లారు. ప్లాట్‌ఫాం మీద ఎండ ఏటవాలుగా పడి, దుమ్ము కూడా బంగారంలా కనిపిస్తోంది. మనుషులు ఆ వెలుగులోకి వచ్చి, మెరిసి, మళ్లీ నీడలోకి పోతున్నారు. బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని నాకు తెలుసు.

"అత్తయ్యగారూ, మా పెళ్లి ఆల్బంలో ఒక పేజీలో ఖాళీ ఉంది."

"ఉంది. మీ అమ్మగారిది" అన్నారు ఆవిడ వెంటనే. 

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ దూరంగా సిగ్నల్ వైపు చూస్తున్నారు.

"స్టూడియోవాడు ఫోటోలన్నీ కవర్లో పోసి ఇచ్చాడుగా. నేనే రెండు రోజులు కూర్చుని అంటించాను. అన్నీ ఉన్నాయి, మీ అమ్మగారిది లేదు. వాడు తీశాడు, లైటు వెలగడం నా కళ్లతో చూశాను, నీ వెనకే ఉన్నాను కదా. తర్వాత ఇస్తాడులే అని అక్కడ జాగా ఉంచాను. మూడుసార్లు తిరిగాను ఈ నాంపల్లికి. రేపు రండి, మాపు రండి. మూడోసారి ఆ ఎర్ర ముక్కలన్నీ నా మొహాన పెట్టి, మీరే వెతుక్కోండమ్మా అన్నాడు. నాకేం తెలుస్తుందే అందులో? అందరూ దెయ్యాల్లా ఉన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనుకునే లోపలే ఆవిడ పోయె. అసలే ఏడ్చి ఏడ్చి ఉన్నావు. ఆ ఉన్న ఒక్క ఫోటో కూడా పోయిందని ఏ నోటితో చెప్పను? నువ్వే అడుగుతావు, అప్పుడు చెబుదాం అనుకున్నాను. నువ్వెప్పుడూ అడగలేదు."

 ఇక చెప్పేశాను. "మీరే తీసి పారేశారనుకున్నాను."

"ఏమిటీ?"

"అమ్మ ఫోటో. భర్త లేని మనిషని మీరే పీకేశారనుకున్నాను. ఆల్బం చూసిన రోజు నుంచీ అదే అనుకున్నాను."

ఆవిడ నా వైపు తిరిగారు. మావయ్యగారు పోయి పన్నెండేళ్లు. ఆవిడ నుదుటి మీద కూడా బొట్టు లేదు. ఇన్నేళ్లలో ఆ పోలిక నాకు ఒక్కసారైనా తట్టలేదు.

"ఓసి పిచ్చిమొహమా!" అన్నారు. "ముప్పై ఏళ్లు! ఒక్కసారి నోరు తెరిచి అడిగితే ఏం పోయేదే నీకు? ఊరందరి మీదా అరుస్తావు కదా, నా మీద అరవడానికేం?"

తిడుతుంటే ఎంత బాగుందో చెప్పలేను. ఇంకా తిట్టాలనుకున్నాను. ఆవిడ ఆగిపోయారు. చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"నేను ఏం తప్పు చేశానా అని అనుకునేదాన్ని. రాత్రిళ్లు కూడా ఆలోచించేదాన్ని. ఎంత ఆలోచించినా తట్టేది కాదు."

నేను ఏడ్చాను. ప్లాట్‌ఫాం మీద అందరూ చూస్తుండగా, పెళ్లిలో అమ్మ కోసం అరిచినంత గట్టిగా ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేశారు. ఆ చేతికి కూడా ఇంగువ వాసన ఉంది.

"వెళ్లొద్దు అత్తయ్యగారూ. ఇంటికి పోదాం రండి."

"వంతు అన్నావుగా?"

"వంతు లేదు, గింతు లేదు."

"బాగుంది. వాడు పొద్దున్నే విశాఖ స్టేషన్‌కొచ్చి నిలబడతాడు. వాడూ నా కొడుకే కదా. నెల ఉండి వస్తాను. అప్పటికీ నీ మనసు ఇలాగే ఉంటే."

"నేనే వచ్చి తీసుకొస్తాను."

"చూద్దాం" అన్నారు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. ఆ 'చూద్దాం' నాకు తగిందే.

బండి వెనక్కి నడుస్తూ మెల్లగా ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. మా ఆయన నీళ్ల సీసాలతో వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, పెట్టెలు ఎత్తారు. అత్తయ్యగారు లేచి చీర సర్దుకున్నారు. వెనక నుంచి ఎండ ఆవిడ తెల్లజుట్టు మీద పడుతోంది. పొద్దున రెండు గంటలు తిరిగినా దొరకని వెలుగు. నేను కెమెరా తీసి కంటికి పెట్టుకున్నాను.

ఆవిడ కెమెరా చూసి చప్పున ఒక అడుగు పక్కకి జరిగారు. వెలుగుకి అడ్డం లేకుండా.

"జరక్కండి" అన్నాను.  "మిమ్మల్నే."

వినపడలేదో, నమ్మలేదో, ఆవిడ ఇంకో అడుగు జరిగారు. నేనూ కెమెరా ఆవిడ వైపే జరిపాను.